మోకాళ్లు మొరాయించాక స్పెయిన్‌లో స్థిరపడాలంటే చోటు ఎలా ఎంచుకోవాలి?

స్పెయిన్‌లో ఇల్లు వెతికేవాళ్లు మొదట బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందా అని చూస్తారు. చేతికర్రతోనో, వాకర్‌తోనో, వీల్‌చెయిర్‌లోనో తిరిగేవాళ్లు చూసుకోవాల్సింది వేరే ఉంది. మంచం దగ్గర నుంచి మందుల షాపు దాకా ఎన్ని మెట్లు, ఎంత ఎత్తు? ఊరి పేరు ఎంత గొప్పదైనా రోజూ మీరు తిరిగేది ఆ నాలుగైదు వందల మీటర్లలోనే. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో రిటైరై స్పెయిన్ వైపు చూస్తున్న తెలుగువాళ్లకీ, హైదరాబాద్ నుంచే ఆలోచిస్తున్నవాళ్లకీ ఈ లెక్క ఒకటే.

1. ఊరి కన్నా ముందు ఇన్సూరెన్స్

బోరు కొట్టే పనే, కానీ మొదట ఇదే తేల్చుకోవాలి. భారతీయ, అమెరికన్, బ్రిటిష్ పాస్‌పోర్టుల వాళ్లు ఉద్యోగం చేయకుండా అక్కడ ఉండాలంటే మామూలుగా తీసుకునేది నాన్-లుక్రేటివ్ వీసా. ఒక్కరికైతే ఏడాదికి 28,800 యూరోలు, భార్యో భర్తో తోడుంటే మరో 7,200 యూరోలు రాబడి గానీ పొదుపు గానీ చూపించాలి. దాంతోపాటు స్పెయిన్‌లో చెల్లే, కో-పేమెంట్ (వైద్యానికి వెళ్లిన ప్రతిసారీ మన వంతుగా కొంత కట్టడం) లేని పూర్తి ఆరోగ్య బీమా కావాలి.

చిక్కంతా ఈ బీమా దగ్గరే. 70, 75 దాటినవారిని కొత్తగా చేర్చుకోని కంపెనీలు చాలా ఉన్నాయి. చేర్చుకున్నా పాత జబ్బులను పక్కన పెట్టేస్తాయి. పక్షవాతం వచ్చి కోలుకున్నవారు, పార్కిన్సన్స్ ఉన్నవారు ఇది తేలకుండా ఫ్లాట్లు చూసుకుంటూ కూర్చుంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

ఏడాది పాటు చట్టబద్ధంగా ఉన్నాక ఒక దారి తెరుచుకుంటుంది. దాని పేరు కొన్వేనియో ఎస్పెసియాల్. 65 లోపు వారు నెలకు 60 యూరోలు, 65 నిండినవారు 157 యూరోలు కట్టి ప్రభుత్వ వైద్యంలో చేరవచ్చు. పాత జబ్బులున్నాయని కాదనరు. బయట ఫార్మసీలో కొనే మందులకు మాత్రం రాయితీ రాదు. దీనికి మునిసిపాలిటీలో మీ చిరునామా నమోదై ఉండాలి. ఆ నమోదును ఎంపాద్రోనమియెంతో అంటారు. దిగిన మొదటి వారంలోనే చేయించుకోండి.

ఇల్లు కొంటే వీసా వస్తుందని ఎవరైనా ఏజెంటు చెబితే నమ్మకండి. ఆ గోల్డెన్ వీసా 2025 ఏప్రిల్ 3తో ఆగిపోయింది. ఇంకో మాట: ఏడాదిలో 183 రోజులు దాటి అక్కడుంటే ఇండియాలో వచ్చే అద్దె, వడ్డీ కూడా స్పెయిన్ పన్ను లెక్కలోకి వస్తాయి. ఆడిటర్‌ని ముందే కలవండి.

2. ఒంటి లెక్క కాగితం మీద పెట్టండి

ఆగకుండా ఎన్ని మీటర్లు నడవగలరు, రెయిలింగ్ పట్టుకుని ఎన్ని మెట్లు ఎక్కగలరు, వీల్‌చెయిర్ వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు, టాయిలెట్ సీటు మీద నుంచి సాయం లేకుండా లేవగలరా. మనవాళ్లకు ఒక అలవాటు, డాక్టర్ అడిగినా సరే "బాగానే నడుస్తున్నానండీ" అనేస్తారు. ఇక్కడ మొహమాటం పనికిరాదు. నొప్పులు బాగా ఎక్కువగా ఉన్న రోజు లెక్కే రాయండి. ఇప్పుడు కర్రతో నడుస్తున్నవారు వీల్‌చెయిర్ కొలతలు కూడా రాసి పెట్టుకుంటే మంచిది. ఐదేళ్ల తర్వాత మళ్లీ ఇల్లు మారే ఓపిక ఉండదు.

3. మ్యాప్ మీద ఊళ్లను కొట్టేయండి

ముందు కొట్టేయాల్సినవి పోస్టుకార్డుల మీద కనిపించే తెల్లటి కొండ ఊళ్లు. ఫ్రిహిలియానా, మిహాస్ పాత ఊరు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అక్కడ పాలప్యాకెట్‌కి వెళ్లిరావడం మనకు తిరుమల కాలిబాటే. గ్రానడాలోని అల్బైసిన్ కూడా అంతే, పైగా గులకరాళ్లు పరిచిన సందులు. తొలేదోలో పాత నగరానికి చేరడానికి ఎస్కలేటర్లే కట్టుకున్నారు. అవి నడవగలిగేవాళ్లకే, వీల్‌చెయిర్‌కి పనికిరావు.

తర్వాత వాతావరణం. సెవిల్లా చదునైన ఊరే గానీ జులైలో 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. బెజవాడ ఎండ తిన్నవాళ్లం మాకేంటి అనుకోవచ్చు. మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి నరాల జబ్బుల్లో వేడి పెరిగితే కాళ్ల బలం తగ్గిపోతుంది. ఆవిలా నగరం వికలాంగులకు అనువుగా మారినందుకు యూరోపియన్ యూనియన్ ఇచ్చే యాక్సెస్ సిటీ అవార్డును అందరికన్నా ముందు, 2011కి గెలుచుకుంది. కానీ అది 1,100 మీటర్లకు పైన ఉన్న ఊరు, చలికాలం గడ్డకట్టిస్తుంది. అవార్డు చూసి వెళ్తే కీళ్లు ఊరుకోవు.

ఇవన్నీ తీసేశాక నా లెక్కలో మిగిలేవి కొద్దే. వలెన్సియా దాదాపు చదును. 1957 వరదల తర్వాత తూరియా నదిని ఊరి బయటికి మళ్లించి, పాత నదీ గర్భాన్ని కిలోమీటర్ల పొడవున తోటగా మార్చారు. కార్ల గోల లేకుండా వీల్‌చెయిర్‌లో గంటలు తిరగవచ్చు. మాలగా అయితే పడమటి వైపు, ఉయెలిన్ చుట్టుపక్కల చూడండి. నేల చదును, సముద్రపు ఒడ్డున వెడల్పాటి నడకదారి, 2014లో మొదలైన మెట్రో స్టేషన్లలో లిఫ్టులు. అదే ఊళ్లో తూర్పున లిమోనార్ వైపు వెళ్తే దారి కొండెక్కుతుంది. బెనిదోర్మ్‌ను చాలామంది వెక్కిరిస్తారు, అంతా ఆకాశహర్మ్యాలేనని. లెవాంతే బీచ్ వెనక వీధుల్లో మొబిలిటీ స్కూటర్ల మీద వృద్ధులు హాయిగా కూరగాయలకు వెళ్లడం చూస్తే ఆ వెక్కిరింపు తగ్గుతుంది. అక్కడ కూడా రింకోన్ దె లోయిక్స్ పైభాగం ఏటవాలే.

చలి అసలు పడదు అంటే కానరీ దీవుల్లో ఒకటైన తెనెరిఫేలో లోస్ క్రిస్తియానోస్. వీల్‌చెయిర్ సందర్శకులకు అలవాటుపడ్డ ఊరు అది. లాస్ విస్తాస్ బీచ్‌లో నీళ్ల మీద తేలే కుర్చీలో కూర్చోబెట్టి సముద్రంలోకి తీసుకెళ్లి స్నానం చేయిస్తారు. లోటు ఒక్కటే, పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రులు శాంత క్రూస్, లా లగూనా వైపు ఉన్నాయి. దాదాపు 75 కిలోమీటర్లు వెళ్లాలి. తరచూ స్పెషలిస్టు దగ్గరకు వెళ్లాల్సినవారికి నేనైతే వలెన్సియానే చెబుతాను.

4. వీధిని ఇంటి నుంచే నడిచి చూడండి

వీధి పేరులో క్వెస్తా అనో సుబీదా అనో ఉంటే అది ఎక్కే దారి అని అర్థం. ప్రకటనలో దాస్తారేమో గానీ వీధి పేరు దాచలేరు. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ఇంటి నుంచి ఫార్మసీకి, సూపర్‌మార్కెట్‌కి, సెంత్రో దె సలూద్ అనే స్థానిక ఆరోగ్య కేంద్రానికి సైకిల్ దారి అడగండి. ఎంత ఎక్కాలో, ఎంత దిగాలో గ్రాఫ్ వస్తుంది. స్ట్రీట్ వ్యూలో ఫుట్‌పాత్ వెడల్పు, రోడ్డు దాటే చోట వాలు చూడండి. ఫుట్‌పాత్ మీద కేఫ్ కుర్చీలున్నాయా అన్నది కూడా చూడండి, స్పెయిన్‌లో అవి లేని వీధి అరుదు.

5. బిల్డింగ్ గుమ్మం దగ్గర ఆగండి

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ప్రకటనలో కోన్ అసెన్సోర్, అంటే లిఫ్టు ఉంది అని రాస్తారు. అబద్ధం కాదు. కానీ పాత భవనాల్లో వీధి తలుపు తీయగానే నాలుగైదు మెట్లు ఎక్కితేగానీ లిఫ్టు రాదు. ఇంకొన్నిటిలో లిఫ్టును తర్వాత ఎప్పుడో బిగించారు కాబట్టి అది రెండు అంతస్తుల మధ్య ఆగుతుంది, అక్కడి నుంచి అర వరస మెట్లు దిగాలి. అందుకే ఏజెంటును "లిఫ్టు ఉందా" అని అడగొద్దు. వీధి నుంచి ఫ్లాట్ తలుపు దాకా కెమెరా ఆపకుండా వీడియో తీసి పంపమనండి. మధ్యలో కట్ చేసిన వీడియో వస్తే ఆ కట్ దగ్గర మెట్లున్నాయనే అనుకోండి.

అదే వీడియోలో లిఫ్టు తలుపుకి టేపు పెట్టి కొలవమనండి. పాత లిఫ్టుల్లో కుర్చీ పడుతుంది, తోడు మనిషి పట్టరు. ఫ్లాట్ లోపల స్నానాల గది తలుపు ఎంత ఇరుకో, బాత్‌టబ్బా ప్లాతో దె దూచానా అన్నది అడగండి. రెండోది నేలకు దాదాపు సమంగా ఉండే షవర్ పళ్లెం, మీకు కావాల్సింది అదే.

అంతస్తుల పేర్లు కూడా మాయ చేస్తాయి. బార్సిలోనా పాత భవనాల్లో నేల మీదది బాహో, దాని పైన ఎంత్రెసువేలో, ఆ పైన ప్రిన్సిపాల్, అప్పుడు గానీ "మొదటి అంతస్తు" రాదు. ఒకటో అంతస్తేగా అని ఒప్పుకుంటే మూడు అంతస్తులు ఎక్కాలి.

మెట్ల దగ్గర ర్యాంపు లేకపోతే వదిలేయాలా? కొనేవారికి ఒక హక్కుంది. ఇంట్లో వికలాంగులు గానీ 70 దాటినవారు గానీ ఉంటే, యజమాని అడిగినప్పుడు ర్యాంపు లాంటి మార్పులు భవన సంఘం చేయించాల్సిందే, ఓటింగు అక్కర్లేదు. సబ్సిడీలు పోగా ఖర్చు పన్నెండు నెలల మెయింటెనెన్స్ దాటకూడదన్నది షరతు. చట్టం మీ పక్షానే ఉన్నా, కొత్తగా వచ్చిన ఇంట్లో ఇరుగుపొరుగుతో తగవుతో మొదలుపెట్టడం నాకైతే ఇష్టం ఉండదు.

6. ఎన్నో అంతస్తు?

మెట్లు ఎక్కలేనివారికి నేల మీది ఇల్లే మేలని ఎవరైనా చెబుతారు. 2024 అక్టోబర్ 29న వలెన్సియా దక్షిణాన పైపోర్త, కతరోహా లాంటి ఊళ్లలోకి వరద వచ్చినప్పుడు కింది ఇళ్లలో చిక్కుకుని చనిపోయినవారిలో వృద్ధులు చాలామంది. వలెన్సియా నగరం చాలావరకు తప్పించుకుంది, ఆనాడు మళ్లించిన నది వల్లనే. సరే, పైకి వెళ్దామా అంటే 2025 ఏప్రిల్ 28న దీవులు తప్ప దేశమంతా కరెంటు పోయింది. లిఫ్టులు గంటల తరబడి కదల్లేదు.

కాబట్టి లిఫ్టు ఉన్న భవనంలో ఒకటో రెండో అంతస్తు చూడండి. అవసరమైతే ఇద్దరు మనుషులు మోసుకొచ్చే ఎత్తు అది. రెండు లిఫ్టులుంటే ఇంకా మంచిది, ఒకటి రిపేరుకొస్తే రెండోది ఉంటుంది. ముంపు ప్రాంతాలను చూపే ప్రభుత్వ మ్యాప్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, చిరునామా కొట్టి చూసుకోండి.

7. కొనొద్దు, ముందు అద్దెకు ఉండండి

షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. ఆ రోజులను ఏప్రిల్‌లో ఖర్చు పెట్టకండి, వసంతంలో స్పెయిన్ ఎక్కడైనా బాగానే ఉంటుంది. జనవరిలో కొన్ని వారాలు, ఆగస్టులో కొన్ని వారాలు ఉండి చూడండి. జనవరిలో తీరప్రాంతపు ఇళ్ల చలి తెలుస్తుంది. టైల్స్ నేల, సెంట్రల్ హీటింగ్ ఉండదు, బయటికన్నా లోపలే చలి. ఆగస్టులో ఎండతో పాటు జనం.

వీసా వచ్చాక మామూలు అద్దె ఒప్పందం చేసుకుంటే ఐదేళ్ల దాకా ఉండే హక్కు మీది. ఆరు నెలల తర్వాత నెల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చు. పదకొండు నెలల తాత్కాలిక సీజన్ ఒప్పందానికి ఈ రక్షణ లేదు. 70 దాటిన అద్దెదారులు, వికలాంగులు యజమానికి రాతపూర్వకంగా తెలిపి ఇంటి లోపల పట్టుకునే కమ్మీలు లాంటివి బిగించుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఆయన అడిగితే తీసేయాలి.

8. సాయం ఎవరు చేస్తారు?

ఇంటికి మనిషిని పంపే ప్రభుత్వ పథకం 2006 నాటి డిపెండెన్సీ చట్టం కింద ఉంది, కానీ దానికి ఐదేళ్ల నివాసం కావాలి. అప్పటిదాకా డబ్బిచ్చి పెట్టుకోవాల్సిందే, ఆ ఖర్చును మొదటి రోజు నుంచే బడ్జెట్‌లో కలపండి.

ఇక తిండి. కరివేపాకు, కందిపప్పు దొరికే కొట్టు చక్రాల కుర్చీ వెళ్లేంత దూరంలో ఉందా అన్నది చిన్న విషయం కాదు. కానరీ దీవుల్లో సింధీ వ్యాపారులు తరాలుగా ఉన్నారు. వలెన్సియా, బార్సిలోనాల్లో మన సరుకుల కొట్లున్నాయి. ట్రయల్‌కి వెళ్లినప్పుడు ఒక పూట ఎవరి తోడూ లేకుండా ఆ కొట్టుకి బయల్దేరండి. లో-ఫ్లోర్ బస్సు ర్యాంపు దించమని డ్రైవర్‌ని అడిగి, పప్పు కొనుక్కుని, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా షట్టర్లు మూసే వేళకు ముందే ఇంటికి తిరిగి రాగలిగారా చూసుకోండి. రాలేకపోతే ఏ చోట ఆగిపోయారో మీ ఒంటి లెక్క రాసుకున్న కాగితం మీదే రాసి, పక్క పేట చూడండి.