మందలో పిడుదు జ్వరం ముప్పు ఎంతుందో తెలుసుకోవడం ఎలా?

పిడుదుల వల్ల పశువులకు వచ్చే జ్వరాల్లో థైలేరియాసిస్, బబీసియాసిస్, అనాప్లాస్మోసిస్ ముఖ్యమైనవి. జ్వరం వచ్చాక పరుగులు పెట్టే బదులు, ముప్పును ముందే లెక్కగట్టుకోవచ్చు. ఒక నోటు పుస్తకం, ఒక థర్మామీటరు, కాస్త ఓపిక చాలు.

1. పిడుదులను లెక్కపెట్టండి. పైపైన చూస్తే కనబడవు. చెవుల లోపల, గంగడోలు కింద, పొదుగు చుట్టూ, తోక మొదట్లో వేళ్లతో తడమాలి. ఒక పక్క లెక్కపెట్టి రెట్టింపు చేసుకోండి. పదిహేను రోజులకోసారి ప్రతి పశువుకీ విడిగా రాసిపెట్టండి.

2. కొట్టాన్ని వెతకండి. చాలామంది వదిలేసేది ఇదే, అసలు సమస్య ఉండేదీ ఇక్కడే. థైలేరియాసిస్ తెచ్చే థైలేరియా క్రిమిని మోసే హయలోమా జాతి పిడుదు కడుపునిండా రక్తం తాగి కిందికి రాలి, గోడ పగుళ్లలో దూరి వేల గుడ్లు పెడుతుంది. పశువుకు మందు కొట్టి గోడను వదిలేస్తే పిడుదులు మళ్లీ ఎక్కుతాయి. పగుళ్లు పూడ్చండి, మూలల్లో పేరుకున్న పేడా చెత్తా తీసేయండి.

3. ఎవరికి ముప్పు ఎక్కువో గుర్తుపెట్టండి. విదేశీ, సంకరజాతి పశువులు నాటు పశువుల కన్నా తేలిగ్గా జబ్బుపడతాయి. పిడుదులు లేని చోటు నుంచి కొత్తగా తెచ్చినవి, ఈనిన కొత్తలో ఉన్నవి కూడా అంతే. బబీసియాసిస్ మాత్రం లేత దూడల కన్నా పెద్ద పశువుల్లోనే తీవ్రం. వేడి, తేమ కలిసిన నెలల్లో అన్నిటికీ ముప్పు పెరుగుతుంది.

4. రక్తం పరీక్ష చేయించండి. 20 పశువుల్లో 6 పాజిటివ్ వస్తే వ్యాప్తి 30 శాతం. అయితే కోలుకున్న పశువుల్లోనూ క్రిములు కొద్దిగా మిగిలే ఉంటాయి. సూక్ష్మదర్శినికి అవి తరచూ దొరకవు, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు దొరుకుతాయి. కాబట్టి స్లైడులో తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి.

5. రోజూ ఏరేయండి. పిడుదు పట్టుకున్న క్షణంలోనే థైలేరియా ఎక్కదు. దాని లాలాజల గ్రంథుల్లో క్రిమి పక్వానికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ వ్యవధే మనకు దొరికే అవకాశం. పిడుదులు ఏరేసిన పశువుల నుంచి జబ్బు పక్కవాటికి అంటదని అమెరికా శాస్త్రవేత్తలు థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ బబీసియా మీద ప్రయోగాలు చేసి 1893లో ప్రకటించారు. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పిడుదును నలపకండి: హయలోమా నుంచి మనుషులకూ ప్రమాదకరమైన క్రిమియన్ కాంగో జ్వరం సోకవచ్చు.

మందు కొట్టేటప్పుడు సీసా మీదున్న మోతాదునే పాటించండి. పలచన చేసి కొడితే మందుకు లొంగని పిడుదులే మిగులుతాయి.

జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, భుజం ముందు గ్రంథి గడ్డలా వాచినా, మూత్రం కాఫీ రంగులో పడినా ఆ రోజే పశువైద్యుణ్ణి పిలవండి. థైలేరియాకు ఇచ్చే బుపార్వాక్వోన్ జబ్బు తొలిదశలో బాగా పనిచేస్తుంది. బబీసియాకు మందు వేరు. అందుకే సూది వేయించే ముందే స్లైడుకు రక్తం తీయించండి.