గుండెకు ఏ స్కాన్? చీటీ రాయించుకునే ముందు ఎలా తేల్చుకోవాలి

"అన్నిటికన్నా మంచి స్కాన్ రాయండి" అని అడిగేవాళ్లు ఎక్కువ. గుండెకు అలాంటి స్కాన్ లేదు. రోజూ ఈ రిపోర్టులు చదివే పని నాది. పెద్ద స్కాన్ చేయించుకున్నాక కూడా అసలు అనుమానం తీరక మళ్లీ ఇంకో పరీక్షకు వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఛాతీలో బరువు, చెమటలు, చేతికో దవడకో పాకే నొప్పి ఇప్పుడే మొదలైతే ఇది చదవడం ఆపి ఎమర్జెన్సీకి వెళ్లండి. కింద రాసిందంతా నిలకడగా ఉన్నవాళ్లకే.

1. అనుమానాన్ని ఒక్క వాక్యంలో పెట్టండి. "పంపింగ్ తగ్గిందా?", "వాల్వు లీకవుతోందా?", "నడిస్తే వచ్చే నొప్పి గుండెదేనా?" ఆ వాక్యాన్ని చీటీ మీద కూడా రాయించుకోండి. ఉత్త పరీక్ష పేరున్న చీటీతో స్కానింగ్‌కు వెళ్లొద్దు.

2. ముందు ఈసీజీ, ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్). ఆయాసం, కాళ్ల వాపు, వాల్వు అనుమానం ఉంటే సగం జవాబు ఎకోలోనే దొరుకుతుంది, రేడియేషన్ కూడా ఉండదు.

3. అసలు చిక్కు ఇక్కడే: రక్తనాళాల్లో అడ్డు ఉందేమోనన్న అనుమానం. పడుకోబెట్టి తీసిన ఎకో నార్మల్ అని వస్తే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అది తొందరపాటు. నాళం బాగా ఇరుకైనా విశ్రాంతిలో గుండె కండరం చక్కగానే కదలొచ్చు. దీనికి రెండు దారులున్నాయి. సీటీ యాంజియో, అంటే రక్తనాళంలోకి కాంట్రాస్ట్ (బొమ్మలో నాళాలు కనిపించేలా చేసే మందు) ఎక్కించి తీసే సీటీ స్కాన్, నాళాన్నే చూపిస్తుంది. స్ట్రెస్ పరీక్ష, అంటే స్ట్రెస్ ఎకో లేదా న్యూక్లియర్ స్కాన్ (కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేది), శ్రమలో కండరానికి రక్తం సరిపోతోందో లేదో చెబుతుంది.

ఇంతకుముందు గుండెజబ్బు లేదు, నొప్పి కొత్తది అంటే సీటీ యాంజియోతోనే మొదలుపెట్టాలి. నాళాన్ని ఇంకా మూసేయని కొవ్వు పూత స్ట్రెస్ పరీక్షకు దొరకదు, సీటీకి దొరుకుతుంది, మందులు ముందే మొదలవుతాయి. స్కాట్లండ్‌లో 4,146 మందితో జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు వైద్యానికి సీటీని జోడించినవాళ్లలో 5 ఏళ్లలో గుండెపోటు లేదా గుండెజబ్బు మరణం 2.3 శాతం, జోడించనివాళ్లలో 3.9 శాతం. ఇంత తేడా ఉన్నా చాలామంది అలవాటుగా ట్రెడ్‌మిల్‌కే పంపుతుంటారు.

అయితే స్టెంటు పడినవాళ్లకు, బైపాస్ అయినవాళ్లకు, నాళాల్లో కాల్షియం గట్టిగా పేరుకున్నవాళ్లకు మామూలుగా సీటీతో మొదలుపెట్టొద్దు. సన్న స్టెంటు లోపల ఏముందో స్పష్టంగా తెలియదు. కాల్షియం మెరుపుకు ఇరుకు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. వీళ్లకు ఎక్కువగా స్ట్రెస్ పరీక్షే సరి. సీటీలో 50, 60 శాతం ఇరుకు అని వచ్చినా కంగారుపడి స్టెంటు మాట ఎత్తకండి. ఆ ఇరుకు రక్తాన్ని నిజంగా ఆపుతోందా అన్నది స్ట్రెస్ పరీక్షతో తేల్చుకోవాలి.

సీటీకి నాడి నిమిషానికి 60 దగ్గరకు రావాలి, ఎక్కువుంటే ముందే మాత్ర ఇస్తారు. గుండె లయ తప్పుతుంటే బొమ్మ చెదురుతుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు తీసుకెళ్లండి. గతంలో కాంట్రాస్ట్ మందుకు దద్దుర్లు వచ్చి ఉంటే చెప్పండి.

స్ట్రెస్ పరీక్ష అయితే, నడవగలిగినవాళ్లు నడవాల్సిందే. ఎంతసేపు నడిచారు, బీపీ ఎలా మారింది అన్నవి బొమ్మకన్నా తక్కువ సమాచారమేమీ కాదు. మోకాళ్లు సహకరించకపోతేనే, నడకకు బదులు అడినోసిన్ లాంటి మందు ఇంజెక్షన్. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి, అడినోసిన్ వాళ్లకు పడదు. అడినోసిన్ ఇస్తారంటే కనీసం 12 గంటల ముందు నుంచి కాఫీ, టీ, చాక్లెట్, కోలా మానేయాలి. కొన్నిచోట్ల 24 గంటలంటారు, నేనూ అంతే అంటాను. ఒక్క కప్పు తాగినా మందు సరిగా పనిచేయక, ఉన్న జబ్బు కనబడకుండా పోవచ్చు. బీపీ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఏవి ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఉత్త టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) అనేది స్కాన్ కాదు, శ్రమలో తీసే ఈసీజీ. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేదాంట్లో 85 శాతానికి నాడి చేరకముందే ఆపేస్తే, 'నెగెటివ్' అన్న మాటను నమ్మొద్దు. ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె ఎడమవైపుకు విద్యుత్ సంకేతం వెళ్లే దారిలో అడ్డు) ఉన్నవాళ్లకైతే టీఎంటీ రాయకూడదు, అడినోసిన్‌తో న్యూక్లియర్ స్కాన్ రాయాలి.

4. కాల్షియం స్కోరు (గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని కొలిచే సీటీ) ఏ లక్షణమూ లేనివాళ్లకు, అదీ స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వేసుకోవాలా వద్దా అన్న సందేహం ఉన్నప్పుడే. నొప్పి ఉన్నవాళ్లు, ముఖ్యంగా వయసు తక్కువైనవాళ్లు, స్కోరు సున్నా వచ్చిందని ధీమా పడొద్దు. మెత్తని కొవ్వు పూత అందులో కనిపించదు.

5. గుండె కండరం వాపు, మచ్చ, కారణం తెలియని పంపింగ్ తగ్గుదల అయితే ఎంఆర్ఐ. పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు చూపించండి.

6. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా బొమ్మల సీడీ కూడా అడిగి తీసుకోండి. వచ్చేసారి పాత బొమ్మల పక్కన పెట్టి చూస్తేనే జబ్బు పెరిగిందో లేదో తెలుస్తుంది.