ఎడెల్‌వైస్‌ను విత్తనం నుంచి కుండీలో పెంచడం ఎలా?

ఆల్ప్స్, పిరనీస్, కార్పేథియన్ పర్వతాల్లో సుమారు 1,800 నుంచి 3,000 మీటర్ల ఎత్తున, సున్నపురాయి ఎక్కువగా ఉండే పచ్చిక నేలల్లో పెరిగే చామంతి కుటుంబపు మొక్క ఎడెల్‌వైస్. తెల్లని నూగుతో రేకుల్లా కనిపించేవి నిజానికి ఆకులే. అసలు పూలు మధ్యలో గుత్తిగా ఉండే చిన్న పసుపు బొడిపెల్లో ఉంటాయి. గడ్డకట్టే చలిని ఈ మొక్క లెక్కచేయదు. కుండీలో దీన్ని చంపేవి ఎక్కువగా నీళ్లు, ఎరువు.

వేసవి రాత్రులు కూడా ఉక్కపోతగా ఉండే చోట ఇది నిలదొక్కుకోవడం కష్టం. అలాంటి చోట మొదలుపెట్టకపోవడమే మేలు.

1. విత్తనాలు నర్సరీ నుంచే తెచ్చుకోండి. కొండల్లో కోసుకు రావద్దు, చాలాచోట్ల అది నేరం. స్విట్జర్లాండ్‌లోని ఓబ్‌వాల్డెన్ క్యాంటన్ (అక్కడి రాష్ట్రం) 1878లోనే ఈ మొక్కకు చట్టరక్షణ ఇచ్చింది. పాత ప్యాకెట్లలో మొలకశాతం పడిపోతుంది కాబట్టి ఆ ఏడాదివే అడగండి.

2. విత్తనాలను కాస్త తడి ఇసుకలో కలిపి, సంచిలో కట్టి, ఫ్రిజ్‌లో 3–5 డిగ్రీల దగ్గర మూడు నాలుగు వారాలు ఉంచండి. శీతాకాలం గడిచిందన్న సంకేతం అందితే మొలకలు ఎక్కువగా, దాదాపు ఒకేసారి వస్తాయి. ఇసుక పిండితే నీరు కారకూడదు. కారిందంటే బూజు పడుతుంది.

3. నారు ట్రేలో ఒక వంతు మెత్తని కంపోస్టు, ఒక వంతు ముతక ఇసుక నింపి ముందే తడపండి. ఆ ఇసుకతో సహా విత్తనాలను పైన పలచగా చల్లి, అరచేత్తో మెల్లగా అదమండి. మట్టి కప్పకండి. విత్తనాలు చాలా చిన్నవి, మొలకెత్తడానికి వాటికి వెలుతురు కావాలి. పైనుంచి నీళ్లు పోస్తే కొట్టుకుపోతాయి కాబట్టి ట్రేను నీళ్ల పళ్లెంలో పెట్టి కిందినుంచి పీల్చుకోనివ్వండి. 15–18 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. ట్రే మీద మూత పెట్టి ఉంటే, మొలకలు కనబడగానే తీసేయండి. గాలి ఆడకపోతే నారుకుళ్లు తెగులు ట్రే మొత్తాన్ని రెండు రోజుల్లో పడేస్తుంది.

4. నాలుగు నిజమైన ఆకులు (మొలకతో పాటు వచ్చే తొలి జత తర్వాతవి) వచ్చాక ఒక్కో మొలకను 7 సెంటీమీటర్ల కుండీలోకి మార్చండి. కాండం నలగకుండా ఆకు అంచు పట్టుకుని ఎత్తాలి.

5. వేర్లు ఆ కుండీ నిండా అల్లుకున్నాక 15 సెంటీమీటర్ల కుండీలోకి మార్చండి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. మామూలు కుండీ మట్టి దీనికి మరీ బలమైనది, పైగా తడిని పట్టి ఉంచుతుంది. ఒక వంతు తోటమట్టికి రెండు వంతుల ముతక ఇసుక లేదా సన్న కంకర, గుప్పెడు సున్నపురాతి ముక్కలు కలపండి. పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు) ఆమ్లగుణం ఉన్నది, అది వద్దు. అడుగున రాళ్లు పరిస్తే చాలనుకోకండి: మట్టిలోని నీరు ఆ రాళ్ల పొర పైనే ఆగిపోతుంది. మిశ్రమమే నీటిని వదిలేలా ఉండాలి. మొక్క మొదలు చుట్టూ 2 సెంటీమీటర్ల మందాన కంకర పరవండి. ఆకులు తడిమట్టికి తగలవు, మొదలు కుళ్లదు.

6. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. వేలు పెట్టి చూసి, పై 3 సెంటీమీటర్లు ఎండాకే నీళ్లు పోయండి, అదీ ఆకుల మీద పడకుండా. ఎరువు అసలు వద్దు. నత్రజని ఎక్కువైతే కాడలు సాగి వాలిపోతాయి, నూగు పలచబడి మొక్క ఆకుపచ్చగా మారుతుంది. మైదానాల్లో నూగు కొండల్లో ఉన్నంత ఒత్తుగా రాకపోవడం మాత్రం మామూలే, దానికి మందు లేదు.

7. శీతాకాలంలో పైభాగం ఎండిపోతుంది. చచ్చిందని పారేయకండి, మొదలు గట్టిగా ఉంటే బతికే ఉంది. కుండీని ఇంట్లోకి తేవద్దు, వాన పడని చూరు కింద ఆరుబయటే ఉంచండి.

పూలు సాధారణంగా రెండో ఏడాది వేసవిలో వస్తాయి. ఎండబెట్టి దాచుకోవాలంటే పూర్తిగా విచ్చుకోగానే కోసి, నీడలో తలకిందులుగా వేలాడదీయండి. ఎడెల్‌వైస్ ఎక్కువ ఏళ్లు బతకదు. రెండు మూడేళ్లకోసారి వసంతం మొదట్లో, కొత్త చిగుళ్లు కనబడగానే గుబురును తీసి, ప్రతి ముక్కకూ వేర్లు, చిగురు ఉండేలా విడదీసి కొత్త మిశ్రమంలో నాటండి. మధ్యలో బోలుగా, నల్లబడి ఉన్న పాత భాగాన్ని పారేయండి.