బాస్ చేపల టోర్నమెంట్‌లో ఇద్దరూ ఒకే ఎర వేయకండి

మార్చి, ఏప్రిల్‌లలో డాలస్ చుట్టుపక్కల లేక్‌లలో ఫ్రెండ్‌తో కలిసి బాస్ చేపలు పట్టే టీమ్ టోర్నమెంట్‌కి వెళ్తున్నారా? అయితే బోటులో ఇద్దరూ ఒకే ఎర వేయకండి. ముందు నిలబడ్డవాళ్లు స్పిన్నర్‌బెయిట్ (గిరగిర తిరిగే రేకులున్న ఎర) విసిరి వేగంగా లాగుతూ చేప ఎక్కడుందో వెతకాలి. వెనకున్నవాళ్లు ప్లాస్టిక్ వానపామును అడుగున నెమ్మదిగా కదిలించాలి. మొదటిదాని వెంటపడి కూడా నోరు పెట్టని చేప చాలాసార్లు రెండోదానికి దొరుకుతుంది.

నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దగ్గరపడితే పెద్ద ఆడ చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు వైపు వస్తాయి. ఉత్తరపు ఒడ్డున లోతు తక్కువున్న మలుపులు చూడండి. అక్కడ చలిగాలి తగలదు, ఎండ బాగా పడుతుంది, అందుకే ముందు అవే వేడెక్కుతాయి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం లైవ్‌వెల్, అంటే పట్టిన చేపల్ని ప్రాణాలతో ఉంచే బోటులోని నీళ్ల తొట్టి. బయల్దేరేముందే పంపు ఆన్ చేసి చూసుకోండి. చేప చనిపోతే చాలా పోటీల్లో మీ చేపల మొత్తం బరువులోంచి కొంత తగ్గిస్తారు. అది అలా ఉంచండి, గుడ్లతో ఉన్న తల్లి చేప ప్రాణాలతో తిరిగి నీళ్లలోకి వెళ్లాలి కదా!

లేక్ ఫోర్క్‌కి వెళ్తుంటే మాత్రం, అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న లార్జ్‌మౌత్ రకం బాస్‌ను మామూలుగా ఉంచుకోనివ్వరు. ఆ సైజు చేపను పోటీలో ఎలా లెక్కిస్తారో నిర్వాహకులను ముందే అడగండి.