ఈ కార్డు టోర్నమెంట్‌లో చెల్లుతుందా? గుర్తులతో వచ్చే తికమకలు, పరిష్కారాలు

పోకెమాన్, మ్యాజిక్, యుగియో లాంటి కార్డు ఆటల టోర్నమెంట్‌లో డెక్ లిస్టు (మనం ఆడబోయే కార్డుల జాబితా) ఇచ్చేశాక జడ్జి వచ్చి ఒక కార్డు పక్కన పెట్టాడంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. తిరగేసి చూస్తే చాలాసార్లు కారణం ఒక్కటే: కార్డు మీది గుర్తు ఆ ప్రింట్ ఎక్కడిదో చెబుతుంది, మనం దాన్ని చూసి కార్డు చెల్లుతుందో లేదో తేల్చేస్తాం.

సమస్య: పోకెమాన్ కార్డు మీద అక్షరం పాతది, లేదా అసలు అక్షరమే లేదు. అయినా ఎదుటివాళ్లు దర్జాగా ఆడేస్తున్నారు.

కింద ఎడమ మూల చిన్న పెట్టెలో ఉండే అక్షరాన్ని రెగ్యులేషన్ మార్క్ అంటారు. ఇంగ్లిష్ కార్డుల మీద ఇది 2020లో స్వోర్డ్ అండ్ షీల్డ్‌తో, 'డి' అక్షరంతో మొదలైంది. రొటేషన్ (పాత కార్డులను పక్కన పెట్టే మార్పు) వచ్చినప్పుడల్లా పాత అక్షరాలు స్టాండర్డ్ (ఈమధ్య కార్డులతోనే ఆడే పద్ధతి) నుంచి తప్పుకుంటాయి. 2024 ఏప్రిల్‌లో 'ఇ' పోయింది, 2025 ఏప్రిల్‌లో 'ఎఫ్' పోయింది. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిదల్లా రీప్రింట్ సంగతి: అదే పేరుతో, అదే పని చేసే కార్డు ఇప్పటి అక్షరంతో మళ్లీ వచ్చిందంటే మీ డబ్బాలో పడున్న పాత ప్రింట్ కూడా చెల్లుతుంది. అల్ట్రా బాల్ ఇలాగే 2012 నాటి ప్రింట్‌తో కూడా ఆడుకోదగ్గ కార్డు అయింది.

ఏం చేయాలంటే, అక్షరం చూసి ఆగిపోకుండా పేరు పెట్టి అధికారిక కార్డు డేటాబేస్‌లో వెతకండి, చెల్లే అక్షరంతో ఏదైనా ప్రింట్ ఉందేమో చూడండి. ట్రైనర్ కార్డు (పోకెమాన్ జీవి కాకుండా ఆటకు సాయపడే కార్డు) అయితే పాతదాని మీద మాటలు కాస్త వేరుగా ఉన్నా ఆట నడిచేది కొత్త మాటల ప్రకారమే, కాబట్టి కొత్త ప్రింట్ ఒకటి వెంట ఉంచుకుంటే వాదన ఉండదు. పోకెమాన్ జీవి ఉన్న కార్డు అయితే మాత్రం పేరు కలిస్తే సరిపోదు. పికాచులు ఎన్నో ఉన్నాయి. హెచ్‌పీ (ప్రాణశక్తి అంకె), దాడులు, అన్నీ కలిస్తేనే అది అదే కార్డు. దాడులకు శక్తినిచ్చే ఎనర్జీ కార్డుల్లో బేసిక్ ఎనర్జీ గురించి బెంగే వద్దు, స్పెషల్ ఎనర్జీ మాత్రం అక్షరం లెక్కలోకే వస్తుంది.

సమస్య: మ్యాజిక్‌లో స్టాండర్డ్ సెట్ ప్యాక్ విప్పితేనే వచ్చిన కార్డు, అయినా స్టాండర్డ్‌లో వద్దన్నారు.

కార్డు అడుగున ఉండే సెట్ కోడ్ (ఏ సెట్‌దో చెప్పే అక్షరాలు) చూడండి. ఎస్‌పీజీ అని ఉంటే అది స్పెషల్ గెస్ట్స్ (పాత కార్డులను కొత్త బొమ్మతో మళ్లీ వేసే వరుస) కార్డు. 2023 నవంబర్ నుంచి ఇవి మామూలు బూస్టర్ ప్యాక్‌లలోనే వస్తున్నాయి, కానీ ప్యాక్‌లో వచ్చినంత మాత్రాన స్టాండర్డ్‌లోకి రావు. కమాండర్ అనే ఆట పద్ధతి కోసం సెట్‌తో పాటు వచ్చే తయారు డెక్కులదీ ఇదే గొడవ: సెట్ పేరు ఒకటే అనిపిస్తుంది, కోడ్ వేరు. నన్నడిగితే ఈ ఆటలో కొత్తవాళ్లను అన్నిటికన్నా అన్యాయంగా ముంచేది ఇదే. ఎడమ మూల చిన్న ప్లేన్స్‌వాకర్ గుర్తు (మ్యాజిక్ చిహ్నం) ఉన్న రీప్రింట్ల విషయంలో గుర్తును పట్టించుకోకండి, అసలు కార్డు ఏ ఫార్మాట్ (ఆట పద్ధతి)లో చెల్లితే ఇదీ అక్కడ చెల్లుతుంది.

సమస్య: మ్యాజిక్ కార్డు కింద మధ్యలో ఉన్న ముద్ర వింత ఆకారంలో ఉంది.

2022లో వచ్చిన అన్‌ఫినిటీ అనే సరదా సెట్‌లో ఓక్ కాయ ఆకారం ముద్ర ఉంటే ఆ కార్డు సరదా ఆటకే. అదే సెట్‌లో ఆ ముద్ర లేనివి కమాండర్, లెగసీ, వింటేజ్ ఫార్మాట్లలో చెల్లుతాయి (స్టిక్కర్లు, అట్రాక్షన్లకు సంబంధించిన కార్డులను మాత్రం 2024లో లెగసీ, వింటేజ్‌లలో నిషేధించారు), మోడర్న్ ఫార్మాట్‌లో కాదు. ఇంతకుముందు ఇలాంటి సరదా 'అన్‌' సెట్లలో వెండి అంచు చూసి తేల్చేసేవాళ్లం, ఇప్పుడు అంచు అంతా నలుపే కాబట్టి కళ్లు చిట్లించుకుని ముద్రే చూడాలి. త్రికోణం ముద్రకు మాత్రం చెల్లుబాటుతో సంబంధం లేదు, అది యూనివర్సెస్ బియాండ్ (వేరే కథల, ఆటల లోకాలతో చేసే మ్యాజిక్ కార్డులు) గుర్తు, అంతే. వార్‌హ్యామర్ 40,000 డెక్కుల కోసం కొత్తగా చేసిన కార్డులు మోడర్న్‌లో చెల్లవు, 2023 నాటి లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ప్రధాన సెట్ కార్డులు చెల్లుతాయి, త్రికోణం రెండిటి మీదా ఉంటుంది.

బంగారు అంచు వరల్డ్ ఛాంపియన్‌షిప్ డెక్కులు, 2022 నాటి 30వ వార్షికోత్సవ కార్డులు: వెనకవైపు వేరు. ఎంత మందపాటి స్లీవ్ (కార్డు తొడుగు) వేసినా చెల్లవు.

సమస్య: యుగియో కార్డు మీద లిమిటెడ్ ఎడిషన్ అని ఉంది. అంటే ఒక్కటే పెట్టుకోవాలా?

కాదు. అది ముద్రణ గురించిన మాట. ఎన్ని పెట్టుకోవచ్చో ఫర్బిడెన్ అండ్ లిమిటెడ్ లిస్టు చెబుతుంది: ఫర్బిడెన్ అయితే అసలు కుదరదు, లిమిటెడ్ ఒకటి, సెమీ లిమిటెడ్ రెండు, లిస్టులో లేకపోతే మూడు. లిస్టు మారుతూ ఉంటుంది కాబట్టి టోర్నమెంట్ తేదీకి ఏది అమల్లో ఉందో అదే చూడాలి. స్పీడ్ డ్యుయల్ (యుగియోలో చిన్న ఆట పద్ధతి) అని అడుగున కనిపించే మాన్‌స్టర్, స్పెల్, ట్రాప్ కార్డులు మామూలు డెక్‌లో పెట్టుకోవచ్చు, స్కిల్ కార్డులు కుదరవు. జపనీస్ కార్డు ఎంత అందంగా ఉన్నా టీసీజీ (ఇంగ్లిష్ తదితర భాషల కార్డులతో ఆడే యుగియో) అధికారిక టోర్నమెంట్‌లో చెల్లదు, కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచి ఇంగ్లిష్ ప్రింట్ వేసుకెళ్లండి.