వారం సమీక్ష ఎందుకు మధ్యలో ఆగిపోతుంది? సమస్యలు, పరిష్కారాలు

వారానికోసారి అరగంట కూర్చుని, అయిన పనులు, కాని పనులు చూసుకుని, వచ్చే వారానికి ఏం చేయాలో రాసుకోవడం. పని ఇంతే. అయినా మొదలుపెట్టిన చాలామంది నాలుగైదు వారాలకే వదిలేసి, తమకు పట్టుదల లేదని తేల్చేసుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో 96 మందిని గమనించారు. రోజూ చేసే ఒక చిన్న పని దానంతటదే జరిగిపోయే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 దాకా పడుతుందని అంచనా వేశారు. వాళ్లు చూసింది రోజువారీ పనులను. వారానికోసారి చేసే పని 66 సార్లు చేయాలంటే ఏడాది దాటిపోతుంది. అందుకే అలవాటయ్యేదాకా ఎదురుచూడకుండా, ఎక్కడ ఆగిపోతోందో చూసి అక్కడే సరిచేసుకోవాలి.

సమస్య: ఆదివారం చేద్దామనుకుంటాను, ఎప్పుడూ కుదరదు

మా తిరుపతిలో ఆదివారం మన చేతిలో ఉండే రోజు కాదు. దర్శనం టికెట్లు దొరికిన బంధువులు శనివారం రాత్రే రైలు దిగుతారు. "మాకేం వద్దు వదినా, పొద్దున్నే అలిపిరి దగ్గర దించితే చాలు" అంటారు. అలాగని కాఫీ, టిఫిన్ లేకుండా పంపిస్తామా? తమిళుల పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు వస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. లాడ్జీలు, ట్రావెల్స్, హోటళ్లు నడిపేవాళ్లకు శని, ఆదివారాలే అసలు వ్యాపారం. తప్పంతా ఎంచుకున్న రోజుదే.

గోడ మీది కేలెండర్ తీసి, గత నెలలో ఏ పూట మీకు నిజంగా ఖాళీ దొరికిందో చూడండి. ఆఫీసు ఉద్యోగులకు శుక్రవారం సాయంత్రం, ఇంటికి బయల్దేరే ముందు అరగంట బాగుంటుంది. వారమంతా జరిగింది ఇంకా గుర్తుంటుంది, ఏదైనా అడగాలంటే అవతలివాళ్లు కూడా సీట్లోనే ఉంటారు. లాడ్జి వాళ్లకు మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం నయం. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు షిఫ్టుల్లో వెళ్లేవాళ్లు వారం పేరు పట్టుకుంటే లాభం లేదు. వీక్ ఆఫ్‌కు ముందు షిఫ్టు దిగాక, కంపెనీ బస్సులో తిరిగొచ్చేటప్పుడు అని పెట్టుకోండి. నిద్ర ముంచుకొస్తే ఇంటికొచ్చి స్నానం చేయగానే.

రోజు ఒక్కటే సరిపోదు, దాన్ని ముందే ఉన్న ఏదో ఒక పనికి ముడేయాలి. "శుక్రవారం సాయంత్రం" అంటే జారిపోతుంది. "శుక్రవారం నాలుగున్నర టీ తాగి గ్లాసు కింద పెట్టగానే" అంటే నిలుస్తుంది.

సమస్య: కూర్చుంటే రెండు గంటలు పడుతోంది

సమీక్షలో కూర్చుని పనులే చేసేస్తున్నారు. కరెంటు బిల్లు కట్టాలని చూసి అప్పుడే ఫోన్ తీస్తారు, అక్కడి నుంచి వాట్సాప్, అక్కడి నుంచి రీల్స్. ఈ అరగంటలో నిర్ణయాలు మాత్రమే, పనులు తర్వాత. అయిన పనులు గుర్తు చేసుకోవడానికి తప్ప ఫోన్ ముట్టుకోకండి.

సమస్య: ఒకే పనిని ప్రతి వారం మళ్లీ రాస్తున్నాను

నా దృష్టిలో సమీక్షను చంపేది ఎక్కువగా ఇదే. "పొలం పాస్‌బుక్‌లో నాన్న పేరు సరిచేయించాలి" అన్న లైను చూడండి. రాసి నెల దాటింది, కదల్లేదు. ఎందుకంటే అది ఒక పని కాదు, ఐదారు పనుల మూట. పాత పాస్‌బుక్ పలమనేరులో తమ్ముడి దగ్గరుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, వన్-బీ అనే భూమి రికార్డులో మరొకలా ఉంది. ఊరి సచివాలయానికి ఏయే కాగితాలు తీసుకెళ్లాలో అడగలేదు. ఇవన్నీ మనసుకు తెలుసు కాబట్టే ఆ లైను చూడగానే కన్ను పక్కకు పోతుంది.

దాని కింద మొదటి అడుగు రాయండి: "బుధవారం రాత్రి భోజనాలయ్యాక తమ్ముడికి ఫోన్ చేసి, పాస్‌బుక్ ఫొటో పంపమనాలి." ఎప్పుడు, ఎవరితో, ఏం చేయాలి అన్న మూడూ ఉండాలి. ఇలా రాసినంత మాత్రానే బరువు తగ్గుతుంది. మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, పూర్తికాని పని పదే పదే బుర్రలో తిరగడం దానికి కచ్చితమైన పథకం వేసుకోగానే తగ్గింది. పని ఇంకా మొదలుపెట్టకపోయినా సరే.

మూడో వారం కూడా అదే లైను రాయాల్సి వస్తే రాయకండి. ఇంకా చిన్న అడుగు చేయండి, లేదా ఇంకొకరికి అప్పగించండి, లేదా కొట్టేయండి. కొట్టేయడం కూడా నిర్ణయమే.

సమస్య: రాసుకున్నది సోమవారానికి గుర్తుండదు

నోట్‌బుక్ బీరువాలో ఉంటే ఎలా గుర్తుంటుంది? ముఖ్యమైన మూడు పనులను టీటీడీ కేలెండర్ మీద ఆయా తేదీల గళ్లలో పెన్సిల్‌తో రాయండి. ఇంట్లో అందరికీ కనిపిస్తాయి, అడిగేవాళ్లూ ఉంటారు.

సమస్య: సమీక్ష అయ్యాక ఇంకా టెన్షన్‌గా ఉంటోంది

కాని పనులతో మొదలుపెడితే అంతే. ముందు అయినవి రాయండి. గుర్తు రాకపోతే కాల్ లిస్టు, ఫోన్‌పే చెల్లింపులు చూడండి. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు, పిల్లవాడి ఫీజు కట్టిన రోజు అన్నీ అక్కడే కనిపిస్తాయి. వారం వృథాగా పోలేదని అప్పుడు తెలుస్తుంది.

సమస్య: రెండు వారాలు తప్పింది, ఇక మళ్లీ మొదలుపెట్టలేకపోతున్నాను

మేలో గంగమ్మ జాతర, జూన్, జూలైలలో చిత్తూరు వైపు మామిడికాయ పల్ప్ ఫ్యాక్టరీలకు తోలే హడావుడి, మధ్యలో పెళ్లిళ్లు. తప్పడం ఖాయం. లండన్ అధ్యయనంలో కూడా ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. మనిషిని ఆపేది తప్పిన వారాల బాకీ తీర్చాలన్న ఆలోచన. ఆ బాకీ మాఫీ చేసేయండి. పాత పేజీలు తిరగేయకండి. కొత్త పేజీలో మూడే ప్రశ్నలకు జవాబు రాయండి: ఈ వారం గడువున్న పనేది, ఎవరికి నా వల్ల ఆలస్యమవుతోంది, ఎవరికి ఫోన్ చేయాలి? పది నిమిషాలు చాలు. సీజన్ నడిచినంత కాలం ఈ పది నిమిషాల సమీక్షే చేయండి, అరగంటది సీజన్ అయ్యాక చూసుకోవచ్చు.