ఆసుపత్రి సేవల మార్పు, మన మాట: 3వ పాఠం – కాగితంలో లేనిది చదవడం

ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రుల్ని నడిపే ట్రస్టులకు 2006 ఎన్‌హెచ్‌ఎస్ చట్టంలోని 242వ సెక్షన్, ప్రాంతాలవారీగా ఆరోగ్య సేవల్ని ప్లాన్ చేసే ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డులకు అదే చట్టంలో 2022లో చేరిన 14జెడ్45 సెక్షన్ వర్తిస్తాయని పోయిన పాఠంలో చూశాం. రెండూ చెప్పేది ఒకటే: సేవలు వాడుకునే జనాన్ని కలుపుకుపోవాలి. సందర్భాన్ని బట్టి సమాచారం ఇవ్వడంతోనూ సరిపెట్టవచ్చు. జనం వద్దంటే ఆపేయాలని మాత్రం ఏ సెక్షన్లోనూ లేదు. చేదుగా ఉన్నా ఈ మాట ముందే మింగండి.

అయితే ఒక మెలిక ఉంది. తప్పనిసరి కాకపోయినా సరే, అభిప్రాయ సేకరణ మొదలుపెట్టాక దాన్ని సక్రమంగా జరపాల్సిందేనని 1999లో అప్పీలు కోర్టు చెప్పింది. ‘సక్రమం’ అంటే ఏమిటో 1985 నాటి గన్నింగ్ కేసు చెబుతుంది. అది లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) మీద బడుల విషయంలో వేసిన కేసు. ఆసుపత్రులకూ అదే కొలబద్ద. ఆలోచన ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే అడగాలి. బుర్ర పెట్టి జవాబివ్వడానికి సరిపడా కారణాలు చెప్పాలి. తగినంత గడువివ్వాలి. వచ్చిన జవాబుల్ని మనసుపెట్టి పరిశీలించాకే నిర్ణయించాలి.

నాలుగింట్లో మన చేతికి సులువుగా చిక్కేది రెండోది. మొదటిది నిరూపించడం కష్టం. లోపల ఎప్పుడో తేల్చేసుకున్నామని ఎవరూ రాసిపెట్టరు కదా! కారణాలు మాత్రం కాగితం మీదే ఉంటాయి, లేదా ఉండవు. లండన్‌లోని హారింగే కౌన్సిల్ 2014లో బ్రిటన్ సుప్రీంకోర్టులో ఓడింది అక్కడే. ‘కౌన్సిల్ ట్యాక్స్’ అనే ఇంటిపన్నులో ఇచ్చే రాయితీని తగ్గించడం తప్ప వేరే దారి లేదన్నట్టు రాసింది. ఉన్న దారుల్ని ఎందుకు వదిలేసిందో చెప్పలేదు.

ఇప్పుడు ఈ కల్పిత వాక్యం చదవండి: ‘ప్రసూతి వార్డును పెద్దాసుపత్రికి తరలించి మరింత భద్రమైన సేవలు అందించాలని ప్రతిపాదిస్తున్నాం. భద్రమైన సేవల్ని మీరు ఎంతవరకు సమర్థిస్తారు?’

భద్రత వద్దనేవాళ్లెవరు? ప్రశ్నలోనే జవాబు దాచేశారు. ఇక లేనివి వెతకండి. భద్రత దేనివల్ల పెరుగుతుంది? అసలు తరలింపు ఎందుకు: డాక్టర్లు చాలకనా, కాన్పులు తక్కువయ్యా, డబ్బు లేకా? వార్డు ఉన్నచోటే ఉంచి మంత్రసానుల్ని పెంచే దారిని పరిశీలించారా? అర్ధరాత్రి నొప్పులొస్తే, కారు లేని మనిషికి ప్రయాణం ఎంతసేపు?

జవాబులో ‘ఇది అన్యాయం’ అని రాస్తే వ్యతిరేకించినవాళ్ల లెక్కలో ఒకటి కలుస్తుంది, అంతే. ఇలా రాసి చూడండి: ‘12వ పేజీలో తరలింపు ఒక్కటే చూపారు. ఉన్నచోటే కొనసాగించే మార్గాన్ని పరిశీలించారా? వదిలేస్తే కారణమేమిటి? అది తెలియకుండా సరైన అభిప్రాయం చెప్పలేను.’ నిర్ణయం తర్వాత దీన్ని పక్కన పెట్టడం వాళ్లకు అంత తేలిక కాదు. పంపిన తేదీతో సహా నకలు దాచుకోండి.

అభ్యాసం: పై వాక్యంలో లేని విషయాలు ఇంకో రెండు పట్టుకుని, ఒక్కోదానికి మూడు వాక్యాల జవాబు రాయండి. ‘అన్యాయం’ అన్న మాట వాడకూడదు. వచ్చే పాఠంలో గడువుల సంగతి: కోర్టుకెళ్లాలంటే జాప్యం చేయకూడదు, ఎంతైనా 3 నెలలు దాటకూడదు. ఆ లెక్క ఏ రోజునుంచి మొదలవుతుందో చూద్దాం.